కొత్త మానిటర్‌లో బొమ్మ మసకగా, వెలిసినట్టుగా కనిపిస్తే

కొత్త మానిటర్ కొన్నవారిలో చాలామంది దానిని బల్లమీద పెట్టి, చేతికి దొరికిన కేబుల్ తగిలించి, తెర వెలగగానే పని మొదలుపెడతారు. రెండు రోజులు గడిచాక పాతదానిలోనే బొమ్మ బాగుండేదని తోచి, ప్యానెల్ (బొమ్మ చూపే తెర భాగం) పాడైందని దుకాణానికి మోసుకుపోతారు. అలా వెనక్కి వచ్చిన మానిటర్లను ఏళ్ల తరబడి చూస్తున్న నాకు, నిజంగా ప్యానెల్ చెడి వచ్చినవి వేళ్లమీద లెక్కపెట్టేటన్ని మాత్రమే తగిలాయి.

దోషం ఏ వైపు ఉంది?

మానిటర్ అంచున ఉన్న బటన్ నొక్కితే తెర మీదికి వచ్చే మెనూను గీసేది కంప్యూటర్ కాదు, మానిటరే. ఆ మెనూ అక్షరాలు పదునుగా ఉండి, దాని వెనుక ఉన్న డెస్క్‌టాప్ మాత్రం మసకగా ఉంటే ప్యానెల్‌ను అనుమానించనక్కరలేదు; దానికి అందుతున్న సిగ్నల్‌నే చూడాలి. ఈ పరీక్షకు పది సెకన్లు చాలు, అయినా ఇది చేసి వచ్చేవారు అరుదు. బదులుగా స్క్రీన్‌షాట్ తీసి పంపి, ఎంత మసకగా ఉందో చూడమంటారు. స్క్రీన్‌షాట్‌లోకి వచ్చేది గ్రాఫిక్స్ కార్డు మెమరీలో ఉన్న బొమ్మ. కేబుల్ దాటాక జరిగినదేదీ అందులో ఉండదు కనుక, నా ఫోన్‌లో అది కడిగిన అద్దంలా కనిపిస్తుంది. చూపించదలిస్తే తెరను ఫోన్ కెమెరాతో ఫోటో తీసి పంపాలి. స్క్రీన్‌షాట్ ఒక్కదానికి మాత్రం పనికివస్తుంది: మానిటర్ 1920 × 1080 (అడ్డంగా, నిలువుగా ఉన్న చుక్కల లెక్క) ది అయి, స్క్రీన్‌షాట్ కొలత 1366 × 768 అని ఉంటే ఇక వెతకవలసిన పని లేదు.

అక్షరాలన్నీ ఒకే తీరుగా మసకగా ఉంటే

ఇది రిజల్యూషన్, అంటే చుక్కల లెక్కలో వచ్చిన లోపం. 1366 చుక్కల వరుసను 1920 చుక్కల మీద పరచాలంటే ఒక్కొక్క చుక్క సుమారు 1.4 చుక్కల చోటు ఆక్రమించాలి. ముక్క చుక్క అనేది ఉండదు కనుక మానిటర్ పక్కపక్క రంగులను కలిపి సర్దుతుంది. ఇంగ్లీషు అక్షరాలు ఈ సర్దుబాటును కొంత తట్టుకుంటాయి గాని, తెలుగు తట్టుకోలేదు. నోట్‌ప్యాడ్‌లో పది పాయింట్ల సైజులో 'ద ధ ప ఫ డ ఢ' అని టైపు చేసి చూడండి. అడుగునున్న ఆ చిన్న గీత కనిపించక ధ కాస్తా ద అయిపోతే తెర తన సొంత రిజల్యూషన్‌లో లేనట్టే. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 'రికమెండెడ్' అని ఉన్నదానినే ఎంచుకోవాలి. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే పేజీలో 'డెస్క్‌టాప్ మోడ్', 'యాక్టివ్ సిగ్నల్ మోడ్' అని రెండు వరుసలు కనిపిస్తే, ఆ రెండూ ఒకే అంకె చూపాలి.

అక్షరాలు చిన్నవైపోయాయని ఇంట్లో పెద్దవారి కోసం రిజల్యూషన్ తగ్గించి వెళ్లే పిల్లలు చాలామంది ఉన్నారు. చేయవలసినది అది కాదు; రిజల్యూషన్‌ను అలాగే ఉంచి 'స్కేల్' విలువను 125 శాతానికో 150 శాతానికో పెంచాలి.

పాత సీపీయూకు వీజీఏ అనే పాత తరహా అనలాగ్ కేబుల్‌తో తగిలించినవారు మానిటర్ మెనూలో 'ఆటో అడ్జస్ట్' ఒకసారి నొక్కాలి, ఆపైన వీలైనంత త్వరగా వీజీఏను వదిలించుకోవాలి. ఇక 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ (1920 × 1080) ల్యాప్‌టాప్ నుంచి 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కు మారినవారికి అక్షరాలు గరుకుగా కనిపించడం దోషం కాదు: అక్కడ అంగుళానికి 141 చుక్కలుంటే ఇక్కడ ఉన్నవి 82 మాత్రమే. దానికి మరమ్మతు లేదు, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకోవడమే.

నలుపు బూడిదగా మారినా, రంగు అక్షరాలు అలుక్కుపోయినా

రిజల్యూషన్ సరిగానే ఉండి, బొమ్మ మాత్రం సన్నని పొగమంచు పట్టినట్టు ఉంటే అసలు దొంగ ఇక్కడ ఉన్నాడు. వీడి చేతిలో నేను మోసపోయిన తీరు చెబుతాను. శుభలేఖలు వేసే ఒక డీటీపీ సెంటర్‌కు 24 అంగుళాల మానిటర్ నేనే ఎంచి ఇప్పించాను. తెల్ల పేజీ మీది నల్ల అక్షరాలు చదవడానికి ఇబ్బంది లేదు. కాని ముదురాకుపచ్చ నేపథ్యం మీద కుంకుమరంగుతో వేసిన 'శుభముహూర్తము' అనే మాటలో ఒత్తులు, దీర్ఘాలు తడి కాగితం మీద సిరా పాకినట్టు అలుక్కుపోయాయి. పేజీ చుట్టూ ఉన్న నల్ల అంచు పలక మీద సుద్ద తుడిచిన రంగులో ఉంది. కేబుల్ మార్చాను, మారలేదు. దుకాణంతో వాదించి మానిటర్‌నే మార్పించాను. రెండవదీ అచ్చంగా అలాగే ఉంది. చివరికి దానిని ఇంటికి తెచ్చి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌తో నా కంప్యూటర్‌కు తగిలిస్తే ఏ లోపమూ లేదు. మూడు సార్లు తిరిగిన తరువాత తేలిందేమంటే, ఆ సెంటర్‌లోని కంప్యూటర్ తన హెచ్‌డీఎంఐ పోర్టుకు తగిలించినది టీవీ అనుకుంటున్నది.

హెచ్‌డీఎంఐ 2002లో వెలువడినది ముందుగా టీవీల కోసం. టీవీ ప్రపంచంలో నలుపు విలువ 16, తెలుపు విలువ 235; కంప్యూటర్ ప్రపంచంలో అవి 0, 255. 1920 × 1080 అనేది టీవీ కొలత కూడా కావడం వల్ల, ఆ కొలతలో హెచ్‌డీఎంఐ ద్వారా పంపేటప్పుడు కొన్ని గ్రాఫిక్స్ డ్రైవర్లు (గ్రాఫిక్స్ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) టీవీ లెక్కనే పాటిస్తాయి. మానిటర్ మాత్రం కంప్యూటర్ లెక్కతో చదువుతుంది కనుక 16 దానికి నలుపు కాదు, ముదురు బూడిద. 235 తెలుపు కాదు, మాసిన తెలుపు. పొరపాటు తిరగబడి, కంప్యూటర్ పూర్తి విలువలు పంపుతుండగా మానిటర్ టీవీ లెక్కతో చదివితే, నీడలన్నీ ఒకే నల్ల ముద్దగా మారి, తెల్లచీర మీది ముడతలు మాయమవుతాయి.

అక్షరాలు అలుక్కుపోవడానికి కారణం దీని తోడుదొంగ. టీవీ సిగ్నల్‌లో వెలుతురు ప్రతి చుక్కకూ విడిగా వెళుతుంది గాని, రంగు వెళ్లదు. 4:2:2 పద్ధతిలో పక్కపక్కనున్న రెండు చుక్కలు, 4:2:0 పద్ధతిలో నాలుగు చుక్కలు ఒకే రంగు సమాచారాన్ని పంచుకుంటాయి. సినిమాలో ఇది కంటికి ఆనదు. నిలువుగా ఒకే చుక్క వెడల్పున్న ఎర్ర గీతకు మాత్రం తన రంగు తనకు మిగలదు. విండోస్ అక్షరాల అంచులను నునుపు చేయడానికి క్లియర్‌టైప్‌లో రంగులనే వాడుతుంది కనుక, మామూలు నల్ల అక్షరాలకు కూడా కొంత బూజు పడుతుంది.

పరీక్ష విండోస్‌లోని పెయింట్‌లోనే చేయవచ్చు. మొత్తం పేజీని 0, 0, 0 (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు) నలుపుతో నింపి, మధ్యలో 10, 10, 10 విలువతో ఒక చతురస్రం గీయండి. గది దీపం ఆర్పి చూసినప్పుడు చతురస్రం అసలు కనిపించకపోతే మానిటర్ టీవీ లెక్కతో చదువుతున్నది. చతురస్రం కనిపిస్తూ పేజీ మొత్తం బూడిదగా వెలుగుతుంటే కంప్యూటర్ టీవీ లెక్కతో పంపుతున్నది. తరువాత నీలం పేజీ మీద ఒక చుక్క వెడల్పుతో ఎర్ర నిలువు గీతలు గీసి, జూమ్ 100 శాతం ఉంచి చూడండి. గీతలు విడివిడిగా ఎర్రగా ఉంటే సరే, పాలిపోయిన ఊదారంగు చారలుగా కలిసిపోతే రంగు కోత పడినట్టే.

సరిచేయడానికి ముందు మానిటర్ మెనూలో 'ఫ్యాక్టరీ రీసెట్' చేయండి. ఎందుకంటే ఈపాటికి మీరు బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ తిప్పి తిప్పి రోగానికి మరొక రోగం జోడించి ఉంటారు. తరువాతి మెట్టు మీ గ్రాఫిక్స్ ఏ కంపెనీదో దానిని బట్టి ఉంటుంది. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో 'చేంజ్ రిజల్యూషన్' పేజీ అడుగున ఎన్‌విడియా కలర్ సెట్టింగ్స్ వాడే ఎంపికను తీసుకుని, కలర్ ఫార్మాట్ 'ఆర్‌జీబీ' (రంగు కోత లేనిది), డైనమిక్ రేంజ్ 'ఫుల్' (కంప్యూటర్ లెక్క) అని పెట్టాలి. ఏఎండీలో డిస్‌ప్లే పేజీలోని పిక్సెల్ ఫార్మాట్‌ను 'ఆర్‌జీబీ 4:4:4 ఫుల్' చేయాలి. ఇంటెల్‌లో 'క్వాంటైజేషన్ రేంజ్' అనే పేరు వెతికి, దానిని 'ఫుల్' చేయాలి. బొమ్మ అంచులు కోసుకుపోయినా, చుట్టూ నల్ల పట్టీ మిగిలినా, అదీ ఈ టీవీ భ్రమ ఫలితమే. ఏఎండీలో 'హెచ్‌డీఎంఐ స్కేలింగ్' జారుడు పట్టీని సున్నా చేస్తే నల్ల పట్టీ పోతుంది.

మానిటర్ వైపు కూడా ఇదే మాట పలకాలి. రేంజ్ సెట్టింగ్‌ను శామ్‌సంగ్ 'హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్' అని, బెన్‌క్యూ 'ఆర్‌జీబీ పీసీ రేంజ్' అని పిలుస్తాయి; డెల్‌లో కలర్ ఫార్మాట్‌ను ఎంచుకునే సెట్టింగ్ పేరు 'ఇన్‌పుట్ కలర్ ఫార్మాట్'. తెరంతా గులాబీ, ఆకుపచ్చ రంగుల్లో మునిగిపోతే కలర్ ఫార్మాట్ రెండు వైపులా వేర్వేరుగా ఉన్నదని అర్థం.

4కే (3840 × 2160) మానిటర్‌కు ఇంకొక చిక్కు ఉంది. హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కే బొమ్మను పూర్తి రంగుతో సెకనుకు 30 సార్లకు మించి పంపలేదు. సెకనుకు 60 సార్లు చూపిస్తున్నదంటే రంగు కోసి 4:2:0 గా పంపుతున్నదన్న మాట. అక్కడ సెట్టింగ్ మార్చి ప్రయోజనం లేదు, హెచ్‌డీఎంఐ 2.0 పోర్టుకో డిస్‌ప్లేపోర్ట్‌కో మారాలి. మ్యాక్ వాడేవారు కూడా హెచ్‌డీఎంఐతో కుస్తీ పట్టకుండా, మానిటర్‌కు డిస్‌ప్లేపోర్ట్ ఉంటే యూఎస్‌బీ-సీ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కు వెళ్లే కేబుల్ కొనుక్కోవడం మేలు.

మిగిలినవి

విండోస్‌లో హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను పెంచి చూపే పద్ధతి) ఆన్ అయి ఉంటే చవక మానిటర్‌లో రంగులు వెలిసిపోతాయి, ఆపేయండి. తెలుపు పసుపుగా ఉంటే విండోస్‌లో నైట్ లైట్ (రాత్రివేళ తెర రంగును పసుపు వైపు తిప్పే సెట్టింగ్) ఆన్ అయి ఉందేమో చూడండి. అక్షరాల చుట్టూ తెల్లని గీటు కనిపిస్తే మానిటర్‌లోని షార్ప్‌నెస్ తగ్గించండి. కింది నుంచి చూస్తే రంగులు తిరగబడితే అది టీఎన్ అనే రకం ప్యానెల్, దాని స్వభావమే అంత. కేబుల్ చెడితే తెర మిణుకుమంటుంది, చుక్కలు మెరుస్తాయి, లేదా బొమ్మ పోతుంది. డిజిటల్ కేబుల్ వల్ల అక్షరాలు మసకబారవు కనుక, బంగారు పూత కేబుల్ అమ్మజూపేవారికి నమస్కారం పెట్టి రండి. తెర మీది పల్చని ప్లాస్టిక్ పొరను తీయకుండా నెలలపాటు వాడినవారు కూడా నాకు తెలుసు.

డ్రైవర్ అప్‌డేట్ అయినప్పుడు రేంజ్ సెట్టింగ్ మళ్లీ 'లిమిటెడ్'కు, అంటే టీవీ లెక్కకు, జారిపోవచ్చు. అందుకే డీటీపీ సెంటర్‌లో ఆ మెనూ దారిని ఒక చీటీ మీద రాసి మానిటర్ వెనుక అంటించి వచ్చాను; అప్పటి నుంచి ఈ విషయమై వారు నాకు ఫోన్ చేయలేదు.