ఇంట్లో తూటాల రీలోడింగ్ – నాలుగో పాఠం: ప్రోగ్రెసివ్ ప్రెస్ ఎంచుకోవడం

పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను. ఒక్కసారి దించితే ఒక్క పనే చేసే సింగిల్ స్టేజ్ ప్రెస్ మీద 100 పిస్తోలు తూటాలు చేసి, హ్యాండిల్ ఎన్నిసార్లు దించారో రాసుకోమన్నాను. టెక్సాస్‌లో ఉన్న మా మేనల్లుడు ఆ రాత్రే ఫోన్ చేశాడు. "మావయ్యా, 400 సార్లు దించాను, భుజం పోయింది. ప్రోగ్రెసివ్ కొనేస్తాను, ఏది కొనమంటావు?" అన్నాడు. ఈ పాఠం వాడి ప్రశ్నకు జవాబు. కాకపోతే వాడు అనుకున్నంత పొట్టి జవాబు కాదు.

కొత్తగా చేరినవాళ్లకు రెండు ముక్కలు. రీలోడింగ్ అంటే కాల్చిన తూటా ఖాళీ గొట్టాన్ని మళ్లీ నింపి తూటా చేయడం. నేను విజయనగరంలో ఉంటాను, ఐటీఐ పిల్లలకు టర్నర్ ట్రేడ్ చెప్పి రిటైరయ్యాను. తుపాకీ నా విద్య కాదు. ప్రెస్సు, డై, పంచి మాత్రం నా బతుకు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం కుదరదు. కాబట్టి శ్రీకాకుళం, విజయనగరాల్లో ఉండి చదివేవాళ్లు యంత్రం ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికే చదవండి. అమెరికాలో సొంత వాడకానికి చేసుకుంటే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మితే కావాలి. రాష్ట్రాల చట్టాలు వేరేగా ఉంటాయి, అవీ చూసుకోవాలి. ఇంకో మాట, మన పిల్లల్లో చాలామందికి తెలియదు: హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్సు వంటి మినహాయింపు ఉంటే తప్ప, తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. మా మేనల్లుడు గ్రీన్ కార్డు వచ్చాకే ఈ పనికి దిగాడు.

ఇక విషయం. పెళ్లిలో బంతి భోజనం గుర్తు తెచ్చుకోండి. విస్తరి కదలదు, వడ్డించేవాళ్లు వరసగా వస్తారు. ఒకరు అన్నం, ఒకరు పప్పు, ఒకరు నెయ్యి. ప్రోగ్రెసివ్ ప్రెస్‌లో ఇది తిరగబడుతుంది. వడ్డించేవాళ్లు, అంటే డైలు, పైన కదలకుండా ఉంటాయి. విస్తళ్లు, అంటే మనం మొదటి పాఠం నుంచీ డొల్లలు అంటున్న ఖాళీ ఇత్తడి గొట్టాలు, గుండ్రటి షెల్ ప్లేట్ మీద కూర్చుని తిరుగుతాయి. హ్యాండిల్ ఒక్కసారి దించితే అన్ని గడుల్లోనూ, అంటే డొల్లలు ఆగే చోట్లన్నిటా, ఒకేసారి వడ్డన జరుగుతుంది. మొదటి గడిలో పాత ప్రైమర్, అంటే డొల్ల అడుగున ఉండి మందును అంటించే చిన్న బిళ్ల, ఊడి డొల్ల సైజుకు వస్తుంది. రెండో గడిలో నోరు కాస్త విచ్చుకుని తుపాకీ మందు పడుతుంది. మూడో గడిలో బుల్లెట్, అంటే తూటా కొసన ఉండి కాల్చినప్పుడు ఎగిరిపోయే గుండు, కూర్చుంటుంది. నాలుగో గడిలో నోరు బిగుస్తుంది. కొత్త ప్రైమర్ ఎక్కేది మొదటి గడిలోనా రెండో గడిలోనా అన్నది యంత్రాన్ని బట్టి. తర్వాత ప్లేటు ఒక గడి జరుగుతుంది. మొదట మూడుసార్లు దించినప్పుడు ఏమీ రాదు. నాలుగోసారి నుంచి దించినప్పుడల్లా ఒక తూటా. 100 తూటాలకు 103 సార్లు. మా వాడి 400 ఎక్కడ, ఇది ఎక్కడ!

వేగం సంగతి అయిపోయింది. అందరూ దాని గురించే అడుగుతారు కానీ నా దృష్టిలో అది చిన్న విషయం.

బంతిలో ఒక విస్తరికి నెయ్యి రెండుసార్లు పడితే తినేవాడు సంతోషిస్తాడు. ఇక్కడ రెండుసార్లు మందు పడితే తుపాకీ చేతిలోనే పగలొచ్చు. అసలు పడకపోతే ఇంకో ప్రమాదం. ప్రైమర్ బలం ఒక్కటే బుల్లెట్‌ను తుపాకీ గొట్టంలోకి కొంత దూరం తోసి వదిలేస్తుంది, అది అక్కడే ఇరుక్కుంటుంది. పేలుడు సరిగా వినపడలేదని గమనించకుండా ఇంకోటి కాలిస్తే గొట్టం ఉబ్బుతుంది, లేదా చీలుతుంది. సింగిల్ స్టేజ్‌లో 50 డొల్లలు చెక్క మీద వరసగా నిలబెట్టి, లైటు వేసి అన్నిటి లోపలికీ ఒకేసారి చూస్తాం. ప్రోగ్రెసివ్‌లో ఆ వరస ఉండదు. మందు పడిన డొల్ల మన కళ్ల ముందు ఉండేది ఒక్క క్షణం. అందుకే ప్రెస్ కొనేవాళ్లకు నా మొదటి ప్రశ్న ఒకటే: మందు పడిన తర్వాత, బుల్లెట్ కూర్చునే ముందు, నువ్వు కూర్చున్న చోటు నుంచి మెడ వంచకుండా డొల్ల లోపల మందు కనిపిస్తుందా? కనిపించకపోతే ఆ యంత్రం ఎంత వేగమైనా వద్దు.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. మొన్న టెక్సాస్ వెళ్లినప్పుడు మా వాడి స్నేహితుడి గరాజ్‌లో, ఇక్కడి నుంచి పట్టుకెళ్లిన పలాస జీడిపప్పు నములుతూ స్టూలు మీద కూర్చున్నాను. ఆయనది ప్లేటు చేత్తో తిప్పుకునే రకం. హ్యాండిల్ పూర్తిగా దించాక, పైకొస్తుండగా సగంలో ఏదో అడ్డుపడింది. పైకెత్తి సర్దాడు, ఇంతలో లోపలి నుంచి పిలుపొచ్చింది, "వస్తున్నా" అన్నాడు, మళ్లీ దించాడు. ప్లేటు తిప్పలేదు. డొల్లలోకి చూస్తే నిండుగా కనిపించింది. "ఇదేటి, ఇంత ఉంది?" అన్నాను. తీసి తూచాం. సరిగ్గా రెట్టింపు. అది .38 స్పెషల్ అనే రకం తూటా, పొడుగు డొల్ల. రెండు మోతాదులు పడినా పొర్లి బయటికి రాదు, అందుకే కన్ను ఒక్కటే కాపాడాలి. మోతాదులు కూడా ఎంత చిన్నవో చూడండి. పిస్తోలు తూటాలో పడే మందు మామూలుగా మన కంసాలి లెక్కలో రెండు మూడు గురివింద గింజల ఎత్తు. గురివింద గింజ సుమారు 0.12 గ్రాము, అమెరికా వాళ్లు మందు తూచే గ్రెయిన్ లెక్కలో దాదాపు రెండు. (ఈ పాఠాల్లో మందు అన్నప్పుడల్లా నవ్వుతున్నారని తెలుసు. కానివ్వండి.)

ఇది చదివి ఆటోమేటిక్‌గా తిరిగేదే మంచిదని అనుకుంటారు. ఆ తప్పు వరకు నిజమే, ప్లేటు తిప్పడం మరిచిపోయే పని ఉండదు. కానీ దాని తప్పులు దానికున్నాయి. ప్లేటు గడి మారేటప్పుడు టక్కున ఆగుతుంది. 9 ఎంఎం లాంటి పొట్టి డొల్లలో మందు నిండుగా ఉంటే ఆ కుదుపుకు కాస్త తుళ్లుతుంది. పైగా మధ్యలో బిగుసుకుంటే ఏ డొల్ల ఎంతవరకు వడ్డించుకుందో వెనక్కి లెక్కపెట్టడం కష్టం. అప్పుడు లెక్క వద్దు. ప్లేటు మీద ఉన్నవన్నీ తీసి, మందు వెనక్కి పోసేసి, మొదటి నుంచి మొదలుపెట్టాలి.

పేర్లు చెప్పమన్నారు. డిల్లన్ 550 నాలుగు గడులది, చేత్తో తిప్పాలి. డిల్లన్ ఎక్స్‌ఎల్ 750, హోర్నడీ లాక్-ఎన్-లోడ్ ఏపీ రెండూ ఐదు గడులవి, తమంతట తామే తిరుగుతాయి. లీ వాళ్ల సిక్స్ ప్యాక్ ప్రోకి పేరులోనే ఆరు ఉంది. డిల్లన్ ఆర్‌ఎల్ 1100కి ఎనిమిది, ఇంటికి అంత అవసరమని నేననుకోను. ఐదో గడి ఎందుకు? మందు పడిన గడికీ బుల్లెట్ గడికీ మధ్యలో మోతాదు ఎక్కువైనా తక్కువైనా మోగే పౌడర్ చెక్ పెట్టడానికి. ఐదు గడుల యంత్రం కొని ఆ గడిని ఖాళీగా వదిలేసేవాళ్లను చూశాను, డబ్బు దండగ. నాలుగు గడులదైతే మీ కన్నే పౌడర్ చెక్, పక్కన ఒక చిన్న లైటు తప్పదు.

డైల మర చూసుకోండి. ఎక్కువ ప్రెస్సులకు 7/8 అంగుళం, అంగుళానికి 14 చుట్లు. సింగిల్ స్టేజ్‌కి కొన్న డైలు వీటికీ పనికొస్తాయి. డిల్లన్ వాళ్ల స్క్వేర్ డీల్ బి లాంటి ప్రెస్సులు సొంత డైలే అడుగుతాయి. క్యాలిబర్, అంటే తూటా సైజు, మార్చాలంటే షెల్ ప్లేటూ, ఇంకొన్ని ముక్కలూ విడిగా కొనాలి. ఆ ధరలు ప్రెస్ ధరతో కలిపి కూడుకోండి. ఇక బెంచీ ఊగితే ఏ ప్రెస్సైనా ఒకటే, గోడకు బిగించండి.

ఇంకొక నష్టం ఎవరూ చెప్పరు. సింగిల్ స్టేజ్‌లో చేతికి ఒక్క పనే తగులుతుంది. ప్రైమర్ వదులుగా ఎక్కిందా, డొల్ల నోరు చిట్లిందా అన్నది హ్యాండిల్ పట్టే చెబుతుంది. ప్రోగ్రెసివ్‌లో నాలుగు పనుల బరువూ ఒకే హ్యాండిల్ మీద పడుతుంది, అందులో ఒక్క చెడ్డ డొల్ల మాట వినపడదు. ఈ డొల్లలది 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగం కలిసిన ఇత్తడి. సాగదీసిన కొద్దీ గట్టిపడుతుంది, గట్టిపడితే చీలుతుంది. శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడి పని చేసేవాళ్లను అడగండి, కాల్చి మెత్తబరచకుండా ఎన్ని దెబ్బలు కొట్టొచ్చో చెబుతారు. అందుకని డొల్లల ఏరివేత ప్రెస్ దగ్గరికి రాకముందే, రెండో పాఠంలో చెప్పినట్టు, వెలుతురులో చేతుల్లో జరగాలి.

రైఫిల్ తూటాలకు ప్రోగ్రెసివ్ వద్దని అనను గానీ తొందరొద్దు. వాటి డొల్లకు నూనె రాయాలి, సైజు చేశాక పొడుగు కొలిచి కోయాలి, నూనె తుడవాలి. వడ్డన మధ్యలో విస్తరి లేచి వెళ్లిపోయినట్టు.

మరి మా వాడికి ఏం చెప్పాను? నెలకు 150 లోపు కాలిస్తే ఉన్న సింగిల్ స్టేజే ఉంచుకోమన్నాను, భుజానికి కొబ్బరి నూనె రాసుకోమన్నాను. పోటీలకు వెళ్లి వారానికే అన్ని కాలిస్తే నాలుగు గడులది, చేత్తో తిప్పేది. ఒక ఏడాది దానితో చేయి కుదిరాక, పౌడర్ చెక్ పెట్టుకునే ఓపిక ఉంటే, ఐదు గడులది.

ఈసారి పని: తెలిసినవాళ్ల ప్రోగ్రెసివ్ దగ్గర, ప్రైమర్ లేకుండా, మందు లేకుండా, 20 డొల్లలు తిప్పండి. మధ్యలో ఎప్పుడో ఒకప్పుడు మిమ్మల్ని పిలవమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. లేచి వెళ్లి, రెండు నిమిషాలాగి వచ్చి, ప్లేటు ముట్టకుండా ఏ గడిలో డొల్లకు ఏ పని అయిందో, ఏది కాలేదో కాగితం మీద రాయండి. తర్వాత సరిచూసుకుని నాకు పంపండి. మా మేనల్లుడు మొదటిసారి రెండో గడి దగ్గరే తప్పాడు.