పెంబర్తి, బిద్రీ పేరుతో సరుకు అమ్మాలంటే: జీఐ అధీకృత వినియోగదారుగా దరఖాస్తు విధానం

ఇత్తడి రేకును కొట్టి బొమ్మలు లేపే పెంబర్తి లోహకళకు జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది కాబట్టి ఆ పని చేసే ప్రతివారికీ వచ్చినట్టే అనుకునేవాళ్లు హైదరాబాద్‌లో చాలామంది ఉన్నారు. అది పొరపాటు. భౌగోళిక గుర్తింపుల రిజిస్టరులో రెండు భాగాలుంటాయి. ‘ఎ’ భాగంలో కళ పేరు, దానికి యజమానిగా నమోదైన సంఘం లేదా సంస్థ పేరు ఉంటాయి. ఆ పేరును తమ సరుకు మీద వాడుకునే హక్కు పొందినవాళ్ల పేర్లు ‘బి’ భాగంలోకి ఎక్కుతాయి. వీళ్లనే అధీకృత వినియోగదారులు అంటారు. 1999లో చేసిన జీఐ చట్టం 2003 సెప్టెంబరు 15న అమల్లోకి వచ్చింది. అందులోని 17వ సెక్షన్ కిందే ఈ రెండో నమోదు జరుగుతుంది. కళకు గుర్తింపు తెచ్చే పని సంఘానిది. ‘బి’ భాగంలో పేరు ఎక్కించుకునే పని మాత్రం ఎవరిది వాళ్లదే.

రుసుము 10 రూపాయలు. 2020 ఆగస్టులో నిబంధనలు సవరించకముందు ఇది 500 ఉండేది. డబ్బు దగ్గర ఎవరూ ఆగిపోరు. దరఖాస్తుతో పాటు పెట్టాల్సిన ‘స్టేట్‌మెంట్ ఆఫ్ కేస్’ అనే వివరణ పత్రం దగ్గరే చిక్కంతా. అందుకే ఇక్కడ దాని గురించే ఎక్కువ చెబుతున్నాం.

ఎవరు పెట్టుకోవచ్చు

చేతిపని వస్తువుల విషయంలో చట్టం ‘ఉత్పత్తిదారు’ అనే మాటకు విశాలమైన అర్థం ఇచ్చింది. తయారుచేసేవారితో పాటు ఆ సరుకుతో వ్యాపారం చేసేవారూ అందులోకి వస్తారు. కాబట్టి జనగామ జిల్లా పెంబర్తిలో రేకు కొట్టే పనివాడు అర్హుడే, అతని దగ్గర పలకలు కొని నగరంలో అమ్మే దుకాణదారూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒక్కొక్కరికీ విడి దరఖాస్తు ఉండాలి. ఒకే కార్ఖానాలో పనిచేసే అన్నదమ్ములు ఇద్దరికీ హక్కు కావాలంటే ఇద్దరూ పెట్టుకోవాలి. రెండు కళలతో పని ఉన్నవారు కళకొకటి చొప్పున పెట్టాలి.

మన ప్రాంతంలో లోహపు పనికి సంబంధించి ముఖ్యంగా చూసుకోవాల్సిన పేర్లు పెంబర్తి లోహకళ, కరీంనగర్ వెండి తీగ పని, 2018లో గుర్తింపు పొందిన ఆదిలాబాద్ డోక్రా (మైనపు నమూనాతో పోసే లోహపు పని). నల్లటి లోహంలో వెండి పొదిగే బిద్రీ సంగతి కాస్త వేరు. హైదరాబాద్‌లో బిద్రీ పని ఎంత పాతదైనా, ఆ జీఐకి నమోదిత యజమాని కర్ణాటక రాష్ట్ర హస్తకళల అభివృద్ధి సంస్థ.

ముందు జర్నల్, తర్వాతే ఫారం

ఫారం తెచ్చుకునే ముందు మీ కళకు సంబంధించిన జీఐ జర్నల్ (రిజిస్ట్రీ వెలువరించే అధికారిక పత్రిక) సంచికను జీఐ రిజిస్ట్రీ, అంటే ఈ నమోదులు చేసే ప్రభుత్వ కార్యాలయం, వెబ్‌సైట్ నుంచి దించుకుని చదవండి. ఆ ప్రకటనలో కళ వర్ణన, ఉత్పత్తి ప్రాంతం, పటం, తయారీ విధానం, సరుకు తరగతి అన్నీ ఉంటాయి. మీ దరఖాస్తును పోల్చి చూసేది దానితోనే.

మొదట చూడాల్సింది ప్రాంతం. పెంబర్తిలో పని నేర్చుకుని, ఇరవై ఏళ్లుగా నగరంలో కార్ఖానా నడుపుతున్నవారు ఎంత పనిమంతులైనా, ఆ కార్ఖానా జర్నల్‌లో చెప్పిన హద్దుల లోపల లేకపోతే అక్కడ తయారైన సరుకుకు ఆ పేరు వర్తించదు. జీఐ నేలకు ముడిపడిన హక్కు, నైపుణ్యం ఒక్కటే చాలదు. పాతబస్తీ బిద్రీ పనివారు కూడా ఈ ఒక్క పేజీ చూసుకున్నాకే మిగతా ఖర్చు పెట్టుకోవడం మంచిది.

తర్వాత తరగతి, అంటే నమోదు కోసం సరుకులను విడగొట్టిన వరస సంఖ్య. సాధారణ లోహాల కళాఖండాలు 6వ తరగతిలోకి, ఇంటి పాత్రలు 21లోకి, వెండి పని 14లోకి వస్తాయి. మీకు ఏది సరైనదని తోస్తే అది రాయకండి. ఆ జీఐ ఏ తరగతిలో నమోదై ఉందో చూసి అదే ఎత్తి రాయండి.

వివరణ పత్రం

మీరు ఆ సరుకుకు ఉత్పత్తిదారు ఎలా అయ్యారో చెప్పే పత్రం ఇది. చాలామంది ఇందులో కాకతీయుల కాలం నుంచి మొదలుపెట్టి రెండు పేజీల చరిత్ర రాస్తారు. ఆ చరిత్ర జీఐ వచ్చినప్పుడే రిజిస్ట్రీకి చేరింది. ఇప్పుడు వాళ్లకు కావలసింది మీ పనిబల్ల మీద జరిగేది.

పెంబర్తి పని అయితే వరస ఇలా ఉంటుంది. ఇత్తడి రేకు ఏ గేజ్‌ది, ఎక్కడ కొంటున్నారు. దాన్ని ఎర్రగా కాల్చి మెత్తబరచడం, చింతపండుతో తోమి శుభ్రం చేయడం. లక్క, గుగ్గిలం, ఇటుకపొడి లాంటివి నూనెతో కలిపి పోసిన పడక మీద రేకును అతికించడం. నమూనా గీయడం, వెనకవైపు నుంచి ఉలి, సుత్తితో కొట్టి బొమ్మను ఉబ్బించడం, తిప్పి ముందువైపు గీతలు తేల్చడం. మధ్యలో రేకు ఎన్నిసార్లు మళ్లీ కాలుస్తారో కూడా రాయండి. దెబ్బలు పడేకొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది, కాల్చకుండా కొడుతూ పోతే ఉబ్బు ఎక్కువగా ఉన్నచోట, ముఖ్యంగా ముక్కు దగ్గరా కిరీటం అంచునా, చీలుతుంది. ఈ సంగతి పని తెలిసినవాడి కాగితంలోనే కనిపిస్తుంది. చివరగా లక్క వదిలించడం, మెరుగు, కావాలంటే చెక్క మీద బిగింపు.

బిద్రీ అయితే మొదట పోత. జింకు ఎక్కువ, రాగి తక్కువ కలిపిన మిశ్రమం, సుమారు 16 పాళ్లకు ఒక పాలు. ఆకురాయితో నునుపు చేశాక మైలుతుత్తం నీళ్లు పూసి పైభాగాన్ని తాత్కాలికంగా నల్లబరుస్తారు, గీసిన గీత తెల్లగా కనిపించడానికి. ఉలితో గాడి తీసి అందులో వెండి తీగనో రేకునో దిగ్గొడతారు. మళ్లీ రాకి, బీదర్ కోట మట్టిని నవాసారంతో నీళ్లలో కలిపి వేడిచేసి పట్టిస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం అలాగే మెరుస్తూ ఉంటుంది. ఆ పైన నూనె. ఆ మట్టి ఎక్కడి నుంచి వస్తోందో తప్పకుండా రాయాలి. నల్లరంగు వేసి, వెండిపూత పూసిన అల్యూమినియం కూజాలను బిద్రీ పేరుతో అమ్మే బజారులో తేడా చెప్పేది ఆ వాక్యమే.

యంత్రం వాడితే దాచకండి. మెరుగు పట్టే చక్రానికి కరెంటు మోటారు ఉంటే ఉందని రాయండి. మెరుగు పట్టే పని వేరు, బొమ్మ లేపే పని వేరు. డై ప్రెస్‌లో అచ్చు గుద్ది ఒకేసారి వంద పలకలు తీసేది ఉంటే మాత్రం, చేత్తో కొట్టిన పనికి వచ్చిన పేరు దానికి రాదు. ఆ సరుకును దరఖాస్తులో కలపకండి.

అమ్మకందారులు తయారీ వరస రాయనక్కరలేదు గానీ, ఎవరి దగ్గర కొంటున్నారు, ఎన్నేళ్లుగా, నెలకు సుమారు ఎన్ని వస్తువులు అన్నది బిల్లులతో చూపించాలి. నగరంలోని గృహాలంకరణ దుకాణాల్లో పెంబర్తి పలక పక్కనే మొరాదాబాద్ ఇత్తడి కూడా ఉంటుంది. దానికి వేరే జీఐ ఉంది. రెండింటినీ కలిపి ‘ఇత్తడి కళావస్తువులు’ అని ఒక్క ముక్కలో రాస్తే అభ్యంతరం వస్తుంది. పెంబర్తి నుంచి వచ్చినవాటి జాబితా విడిగా ఇవ్వండి.

భాష దగ్గర ఒక తిరకాసు ఉంది. రిజిస్ట్రీకి పత్రాలు ఇంగ్లీషులో గాని హిందీలో గాని ఉండాలి. తెలుగులో మనం అన్నింటినీ ‘చెక్కడం’ అనేస్తాం. టైపు చేసేవాడు దాన్ని ‘ఎంగ్రేవింగ్’ అని కొట్టేస్తాడు. ఎంగ్రేవింగ్ అంటే లోహాన్ని తొలిచి తీయడం. పెంబర్తి పనిలో లోహం పోదు, వెనక నుంచి ఉబ్బుతుంది, అది ‘రెపూసే’. బిద్రీలో ఎంగ్రేవింగ్ ఉంది, ఆ తర్వాత ‘ఇన్లే’ (పొదగడం) ఉంది, ‘ప్లేటింగ్’ (పూత పూయడం) లేదు. ఒక్క మాట మారితే జర్నల్‌లోని విధానానికీ మీ కాగితానికీ పొంతన కుదరదు. ముందు తెలుగులో మీరే రాసుకుని, అనువాదంలో ఈ పదాలను జర్నల్‌లో ఉన్నట్టే వేయించండి.

జతచేసే కాగితాలు

వివరణ పత్రంలో చెప్పినవి నిజమేనని నోటరీ ముందు సంతకం చేసిన ప్రమాణపత్రం కావాలి. గుర్తింపు, చిరునామా కాగితాల్లో పేరు ఒకేలా ఉండేలా చూసుకోండి. విశ్వకర్మ కుటుంబాల్లో ఇది తరచుగా తగిలే ఇబ్బంది: ఆధార్‌లో ‘చారి’, బ్యాంకు పుస్తకంలో ‘ఆచారి’, సంఘం సభ్యత్వ రసీదులో ఇంటిపేరు మాత్రమే. ఫారంలో ఆధార్ ప్రకారం రాసి, మిగతా పేర్లూ తనవేనని ఆ ప్రమాణపత్రంలోనే ఒక వాక్యం చేర్చితే సరిపోతుంది.

కేంద్ర జౌళి శాఖ కింద హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం ఇచ్చే పహచాన్ కార్డు ఉంటే నకలు పెట్టండి. తప్పనిసరి కాదు, కానీ మీరు ఆ కళ పనివారేనని ప్రభుత్వమే ఇచ్చిన రుజువు అది. పని దశల ఫోటోలు నాలుగైదు చాలు: పడక మీద రేకు, ఉలి పట్టిన చేయి, సగం లేచిన బొమ్మ, పూర్తయిన వస్తువు. గోడకు తగిలించిన అందమైన పలక ఫోటో ఒక్కటే పెడితే అది మీరు చేసిందని రుజువు కాదు.

నమోదిత యజమాని సంస్థ నుంచి సమ్మతి లేఖ తీసుకుంటే పని సాఫీగా సాగుతుంది. సంఘంలో పొసగక లేఖ రాని సందర్భాలుంటాయి. అప్పుడు దరఖాస్తు నకలును ఆ సంస్థకు రిజిస్టర్డ్ పోస్టులో పంపి, అందిన రసీదును దాచుకోండి. లేఖ లేదన్న కారణంతో దరఖాస్తే మానుకోనక్కరలేదు.

పంపడం

ఫారం పేరు జీఐ-3. మూడు ప్రతులు. కాగితానికి ఒకవైపే టైపు చేయించి, ఎడమవైపు 4 సెంటీమీటర్ల అంచు వదలండి. ఫైలులో కుట్టేది అక్కడే. ఉత్తరాలు అందే చిరునామా భారత్‌లోనిదై, మీరు నిజంగా ఉండేదై ఉండాలి. అద్దె కార్ఖానా మారుతుంటే ఇంటి చిరునామా ఇవ్వండి. రిజిస్ట్రీ రాసిన ఉత్తరం అందక గడువు దాటిపోతే దరఖాస్తు వదిలేసినట్టే అయ్యే ప్రమాదం ఉంది.

జీఐ రిజిస్ట్రీ దేశం మొత్తానికి ఒక్కటే, చెన్నైలోని గిండీ పారిశ్రామిక వాడలో ఉన్న మేధో సంపత్తి కార్యాలయ భవనంలో. పోస్టులో పంపేవారు రిజిస్ట్రార్ ఆఫ్ జియోగ్రాఫికల్ ఇండికేషన్స్ పేరిట చెన్నైలో చెల్లేలా డీడీ తీస్తారు. పది రూపాయల డీడీకి బ్యాంకు తీసుకునే కమీషన్ పది కన్నా ఎక్కువే, అందుకే ఆన్‌లైన్‌లో దాఖలు చేయగలిగినవారికి అదే నయం.

తర్వాత

దరఖాస్తుకు ఒక సంఖ్య వస్తుంది. పరిశీలనలో లోపాలు కనిపిస్తే ఉత్తరం రాస్తారు. అందులో చెప్పిన గడువులోగా, అడిగినదానికే సూటిగా జవాబివ్వండి. అంగీకరించాక జర్నల్‌లో ప్రకటిస్తారు. ఆ తేదీ నుంచి మూడు నెలల్లో ఎవరైనా అభ్యంతరం పెట్టవచ్చు, కోరితే మరో నెల వరకు పొడిగింపు ఉంటుంది. అంటే ప్రకటన వచ్చాక కూడా మూడు నాలుగు నెలలు చేతిలో కాగితం లేకుండా గడుస్తాయి. శిల్పారామంలో స్టాల్ కోసమో పండగ సీజన్ కోసమో ధ్రువపత్రం కావాలనుకుంటే ఆ లెక్కన ముందే పెట్టుకోవాలి.

ధ్రువపత్రం చేతికొచ్చాక ఆ పేరును సరుకు మీద, బిల్లు మీద, ప్రకటనల్లో వాడుకోవచ్చు. నకిలీ సరుకు మీద దావా వేసే హక్కు యజమాని సంస్థతో పాటు మీకూ ఉంటుంది. తప్పుడు జీఐతో సరుకు అమ్మినవారికి ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా చట్టంలో ఉన్నాయి. మీలాగే నమోదైన మరో పనివాడిని మాత్రం ఆపలేరు, ఇద్దరి హక్కూ సమానమే. ‘పెంబర్తి’ అన్న మాటను మీ దుకాణపు ట్రేడ్‌మార్కుగా రాయించుకోవడమూ కుదరదు.

నమోదు పదేళ్లు చెల్లుతుంది, లేదా అసలు జీఐ గడువు తీరేవరకు, ఏది ముందైతే అది. కాబట్టి జీఐ ఎప్పుడు పునరుద్ధరించాలో రిజిస్టరులో చూసి గోడ మీద రాసుకోండి. ఆ బాధ్యత సంఘానిదే అయినా, సంఘం మరిస్తే పోయేది అందరిదీ. ఈ హక్కును అమ్మలేరు, అద్దెకివ్వలేరు, తాకట్టు పెట్టలేరు. దుకాణం చేతులు మారితే కొన్నవాడు కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. నమోదైన వ్యక్తి చనిపోతే మాత్రం హక్కు వారసులకు వెళ్తుంది. ఆ మార్పును రిజిస్టరులో చేయించాలంటే వారసత్వ కాగితాలతో పాటు తండ్రి పేరున ఉన్న అసలు ధ్రువపత్రం కావాలి, దాన్ని ఫ్రేము కట్టి కార్ఖానా పొగలో తగిలించకుండా ఇంట్లో పెట్టుకోండి, గోడకు నకలు చాలు.