జనం టైప్ చేసే మాటలే శీర్షికలో పెట్టండి

మీ సైట్‌లోని పాత పేజీ గూగుల్‌లో కనిపిస్తున్నా ఎవరూ క్లిక్ చేయడం లేదా? కొత్తది రాసే ముందు దాన్ని సరిచేయండి. సైట్ యజమానులకు గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో పర్ఫార్మెన్స్ రిపోర్ట్ తెరిచి, ఆ పేజీకి ఫిల్టర్ పెట్టి, క్వెరీల (జనం గూగుల్‌లో టైప్ చేసిన మాటల) జాబితా చూడండి. 16 నెలల వరకు వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు. ఇంప్రెషన్లు (పేజీ ఫలితాల్లో ఎన్నిసార్లు కనిపించిందనే లెక్క) బాగా ఉండి క్లిక్కులు అంతంతమాత్రంగా ఉన్న మాటలే మీకు కావాల్సినవి.

ఉదాహరణకు మీరు "మొబైల్ నిల్వ సామర్థ్య నిర్వహణ" అని శీర్షిక పెట్టారనుకోండి. జనం మాత్రం "ఫోన్ స్టోరేజ్ ఫుల్ అయితే ఏం చేయాలి" అని కొడతారు. ఆ మాటలనే శీర్షికలోకి, మొదటి పేరాలోకి తెచ్చి, జవాబు కూడా అక్కడే రెండు వాక్యాల్లో చెప్పేయండి. "ఈ రోజుల్లో స్మార్ట్‌ఫోన్ లేని జీవితం ఊహించలేం" లాంటి ఉపోద్ఘాతం ఎవరికీ అక్కర్లేదు, తీసేయండి.

అలాగని ప్రతి వాక్యంలో అదే మాట ఇరికించొద్దు. గూగుల్ దాన్ని స్పామ్ కిందే లెక్కేస్తుంది. పేజీ కోడ్‌లో కీవర్డ్‌లు రాసే మెటా కీవర్డ్స్ ట్యాగ్ నింపుతూ కూర్చోవడమూ దండగే. వెబ్ ర్యాంకింగ్‌కు దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

ఆ తర్వాత పేజీని ఫోన్‌లో తెరిచి పైకి చదవండి. ఊపిరి అందని చోట వాక్యాన్ని రెండు చేయండి. తెర నిండా ఒకే పేరా కనిపిస్తే మధ్యలో ఒక ఉపశీర్షిక పెట్టండి, అది ఆ క్వెరీల్లోని ప్రశ్నే అయితే మరీ మంచిది. ఫలితం మర్నాడే కనిపించదు, టెన్షన్ పడకండి. కొన్ని వారాలు ఆగి అదే రిపోర్ట్‌లో ముందు నెలతో పోల్చి చూసుకోండి.