రాత్రిపూట కరివేపాకు పక్కన హీటర్ పెట్టేముందు

అక్టోబర్ వచ్చిందంటే న్యూజెర్సీ, షికాగో వైపు ఉండే మనవాళ్ల ఇళ్లలో కరివేపాకు కుండీలు లోపలికి చేరతాయి. వెంట తులసి, కొందరిళ్లలో మల్లె. పగలంతా గ్రో లైట్ (ఎండకు బదులుగా మొక్కలకు పెట్టే దీపం) కింద ఉంటాయి, రాత్రి పదింటికి లైటు ఆరిపోతుంది. టెన్షన్ అప్పుడే మొదలవుతుంది. బయట మంచు పడుతుంటే మొక్క ఏమైపోతుందోనని పక్కన స్పేస్ హీటర్ పెట్టి పడుకుంటాం.

నేనూ ఒక చలికాలం అదే చేశాను. ఒకరోజు పొద్దున చూస్తే హీటర్ వైపు రెబ్బలన్నీ ఎండిపోయి, ముట్టుకుంటే అప్పడంలా పొడైపోయాయి. అవతలి వైపు ఆకులు మాత్రం పచ్చగానే ఉన్నాయి. పవర్ స్ట్రిప్‌లోంచి ప్లగ్ లాగితే ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ మాడి గోధుమరంగుకు తిరిగింది. ఆ పక్క గదిలోనే పిల్లలు పడుకుని ఉన్నారు.

అందుకే ముందు కరెంటు సంగతి. ఇక్కడ దొరికే మామూలు హీటర్ 1500 వాట్లు. 120 వోల్టుల మీద అది 12.5 ఆంపియర్లు లాగుతుంది. పడకగదుల్లో చాలావరకు 15 ఆంపియర్ల బ్రేకర్లే ఉంటాయి. గంటల తరబడి నడిచే లోడు అందులో 80 శాతం, అంటే 12 ఆంపియర్లు దాటకూడదు. హీటర్ ఒక్కటే ఆ లెక్క దాటేస్తోంది, ఇక దానికి గ్రో లైట్ కూడా తోడైతే చెప్పక్కర్లేదు. హీటర్‌ను గోడ సాకెట్‌కే నేరుగా పెట్టండి. ఎక్స్‌టెన్షన్ కార్డు, పవర్ స్ట్రిప్, లైటుకు వాడే టైమర్ ప్లగ్ ఏవీ వద్దు. కాసేపు నడిచాక ప్లగ్ మీద చెయ్యి వేసి చూడండి, వేడిగా ఉంటే వెంటనే ఆపేయండి. కర్టెన్లకు, మొక్కకు, రాలిన ఆకులకు కనీసం మూడడుగుల దూరం ఉండాలి. హీటర్ పక్కన నిలబడి మొక్క మీద నీళ్లు స్ప్రే చేయకండి. అన్నిటికన్నా ముఖ్యం, మీరు పడుకునేముందు హీటర్ ఆపేయాలి.

మరి మొక్క? నిజానికి రాత్రిపూట దానికి అంత వేడి అక్కర్లేదు. చీకట్లో అది ఆహారం తయారు చేసుకోదు, పగలు దాచుకున్న చక్కెరను ఖర్చు పెట్టుకుంటుంది. గది వేడెక్కేకొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది. చలికాలపు వెలుతురులో సంపాదనే తక్కువ, దాన్ని కూడా మనం హీటర్ పెట్టి కరగదీస్తున్నాం. పగలు 70, రాత్రి 60 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే కరివేపాకుకు హాయిగా సరిపోతుంది. 50 కన్నా దిగితేనే భయపడాలి. థర్మామీటర్‌ను ఆకుల ఎత్తులో పెట్టి చూడండి, హీటర్ మీద కనిపించే అంకె దాని దగ్గరి వేడినే చెబుతుంది.

చలి ఎక్కువగా తగిలేది కిటికీ అద్దం నుంచి. రాత్రి కర్టెన్ వేసినప్పుడు మొక్క అద్దానికీ కర్టెన్‌కీ మధ్య ఉండిపోతే గది వెచ్చదనం దానికి అందదు. కుండీని రెండడుగులు లోపలికి జరపండి. సన్‌రూమ్‌లోనో గరాజ్‌లోనో ఉంటే రాత్రికి హాల్లోకి తెచ్చేయండి. ఇంకా బెంగగా ఉంటే, థర్మోస్టాట్ ఉన్న చిన్న హీట్ మ్యాట్ కుండీ కింద పెట్టొచ్చు. మామూలు సైజుది ఇరవై వాట్లే తీసుకుంటుంది, వేళ్లకు వెచ్చగా ఉంటుంది.

హీటర్ గాలిని బాగా పొడిబారుస్తుంది. పొడిగాలికి ఎర్రనల్లి (ఆకు రసం పీల్చే సన్నటి పురుగు) వచ్చేస్తుంది, వారానికోసారి ఆకు తిప్పి అడుగున సాలెగూడు లాంటి సన్నటి దారాలు కనిపిస్తాయేమో చూడండి. చామంతి పెంచేవాళ్లకు ఇంకో మాట: ఎర్రగా కాలే తీగల హీటర్ వెలుగు రాత్రిపూట దాని మీద పడనివ్వకండి, పొడవాటి చీకటి అందితేనే అది మొగ్గ తొడుగుతుంది. కిరోసిన్, ప్రొపేన్ హీటర్లు ఇంట్లో అసలు వెలిగించొద్దు. వాటినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ మనుషుల ప్రాణాలు తీస్తుంది. మామిడికాయల్ని మగ్గబెట్టే ఇథిలీన్ కూడా వాటినుంచి వస్తుంది, దానికి మొక్క ఆకులు రాల్చేస్తుంది.

ఇన్ని చేసినా జనవరికల్లా ఆకులు రాలిపోవచ్చు. కంగారుపడి హీటర్ పెంచకండి, నీళ్లూ ఎక్కువ పోయకండి. కాండం మీద గోటితో కొంచెం గీకండి. లోపల పచ్చగా ఉంటే మొక్క నిద్రపోతున్నట్టే. మార్చి, ఏప్రిల్‌లో ఎండ ముదిరాక ఆ మోడు మీదే చిగురు కనిపిస్తుంది.