టక్ అని ఊరుకునే కారు

మా ఇల్లు విశాఖ లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి దగ్గర. కిటికీ ఊచలకే తుప్పు ఆగదు, ఇక కారు సంగతి చెప్పాలా! తొమ్మిదేళ్ల పెట్రోల్ బండి. ఉన్నట్టుండి ఓ రోజు తాళం తిప్పితే ‘టక్’ అని ఒక్క శబ్దం, అంతే. మళ్లీ తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యేది. మెకానిక్ ముందు మాత్రం పదిసార్లూ బుద్ధిగా స్టార్ట్ అయింది. ఆయన బ్యాటరీ మార్చమన్నాడు, మార్చాను. వారం తిరక్కుండా మద్దిలపాలెం పెట్రోల్ బంకులో మళ్లీ టక్. వెనక ఆటోల హారన్లు, నాకు టెన్షన్.

ఇక వోల్టులు కొలిచే మల్టీమీటర్ తీశాను. బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, మా ఆవిడను తాళం తిప్పమన్నాను. ఇలాంటి తేడాను బండి మొరాయించిన క్షణంలోనే కొలవాలి. బాగున్నప్పుడు కొలిస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. నాలుగోసారికి దొరికింది. టక్ అన్నప్పుడు కూడా బ్యాటరీ మీద 12.3 వోల్టులు కదలకుండా ఉన్నాయి. అంటే తప్పు దానిది కాదు. నెగటివ్ టెర్మినల్‌కీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య మీటరు పెడితే ఏకంగా 5 వోల్టులు! ఆ రెంటినీ కలిపే ఎర్త్ వైరు దారిలో అర వోల్టు కూడా పోకూడదు.

బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఇంజిన్ దగ్గర ఎర్త్ వైరు బోల్టు విప్పాను. పైకి బిగుతుగానే ఉంది గానీ లగ్గు (వైరు చివరి రింగు) కింద ఆకుపచ్చ పొడి. ఉప్పుగాలి పని. గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వాజలిన్ రాశాను. మళ్లీ కొలిస్తే 0.2. వానాకాలం దాటింది, టక్ లేదు.

పాత బ్యాటరీని ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేసిన సంగతి మాత్రం మా ఆవిడ ఇంకా ఎత్తుతూనే ఉంది.