రేంజ్‌ఫైండర్ కెమెరాకు మ్యాగ్నిఫైయర్: ఎలా ఎంచుకోవాలి, ఎలా వాడాలి?

90 మి.మీ. లెన్సును ఎఫ్/2 దగ్గర పూర్తిగా తెరిచి, మీటరు దూరంలో ఉన్న మనిషి ముఖం తీస్తే పదునుగా వచ్చే మందం సుమారు 13 మి.మీ. మాత్రమే. కంటిపాప మీద ఫోకస్ కుదిరితే చెవి మసకబారుతుంది, చెవి మీద పడితే కన్ను పోతుంది. మే నెలలో తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషం, మాతంగి వేషం వేసుకున్నవాళ్ల ముఖాలను దగ్గర నుంచి తీయాలనుకునేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. శ్రీకాళహస్తిలో కలంకారీ గీసేవారి వేళ్లను 75 మి.మీ. ఎఫ్/1.4తో తీసినా లెక్క దాదాపు ఇదే.

ఇలాంటి చోట రేంజ్‌ఫైండర్ కెమెరా (రెండు కిటికీల నుంచి వచ్చే రెండు బొమ్మలను ఒకటిగా కలిపి ఫోకస్ చేసేది) వాడేవాళ్లకు ఎవరో ఒకరు చెప్పే సలహా, "ఒక మ్యాగ్నిఫైయర్ కొనుక్కో" అని. కన్ను ఆనించి చూసే ఐపీస్‌కు మర తిప్పి బిగించే చిన్న గాజుముక్క అది. లోపలి బొమ్మను పెద్దది చేసి చూపిస్తుంది. సలహా తప్పు కాదు గానీ, వరుస తప్పు. ముందు చూసుకోవాల్సింది మీ కన్ను, తర్వాత కెమెరాలోని రేంజ్‌ఫైండర్, అంటే ఆ రెండు బొమ్మలను కలిపే అమరిక. ఆ రెండూ సరిగ్గా ఉన్నాయని తేలాకే మ్యాగ్నిఫైయర్ మాట. నాకు తెలిసి, ఇది కావాలనుకునేవాళ్లలో చాలామందికి నిజానికి కావాల్సింది పవర్ లెన్సు, అంటే ఐపీస్‌కు బిగించే కళ్లద్దంలాంటి గాజు.

కన్ను సంగతి

మ్యాగ్నిఫైయర్ లేకుండా వ్యూఫైండర్‌లోకి చూడండి. మధ్యలో రెండు బొమ్మలూ కలిసే లేత దీర్ఘచతురస్రం, అదే ప్యాచ్, దాని అంచులు గీత గీసినట్టు కనిపిస్తున్నాయా? ఫోటోలో ఎంతవరకు పడుతుందో చూపే ఫ్రేమ్‌లైన్లు పదునుగా ఉన్నాయా? మసకగా ఉంటే పెద్దది చేసినా మసకే పెద్దదవుతుంది.

లైకా ఎం కెమెరాల వ్యూఫైండర్ మైనస్ 0.5 డయాప్టర్‌కు అమర్చి వస్తుంది. అంటే లోపలి బొమ్మ రెండు మీటర్ల దూరంలో ఉన్నట్టు కంటికి తోస్తుంది. కాబట్టి ఇక్కడ పనికొచ్చేది దూరపు చూపు పవరే, పేపరు చదివే అద్దాల పవర్ కాదు. నలభై దాటి చత్వారం వచ్చినవాళ్లు చదువుకునే అద్దాల నంబరు చూసి ప్లస్ 2 లెన్సు తెప్పించుకుంటే డబ్బు దండగ. మీ దూరపు పవర్‌కు ప్లస్ 0.5 కలిపితే వచ్చేదే కావాల్సిన నంబరు. మైనస్ 1.5 సైట్ ఉన్నవారికి మైనస్ 1 సరిపోతుంది. దూరపు చూపుకు ప్లస్ 1 వాడేవారికి ప్లస్ 1.5 కావాలి. లైకా వాళ్ల కరెక్షన్ లెన్సులు రెండువైపులా 0.5 నుంచి 3 దాకా ఉంటాయి.

లెక్కల మీద నమ్మకం లేకపోతే ఇంకో దారి ఉంది. కెమెరా పట్టుకుని కళ్లద్దాల షాపుకు వెళ్లండి. గాంధీ రోడ్డు వైపు వెళ్తే అలాంటి షాపులకు కొదవ లేదు. రద్దీ లేని మధ్యాహ్నం పూట వెళ్లి, "అన్నా, ఆ ట్రయల్ బాక్సులో అర, ఒకటి, ఒకటిన్నర ఒకసారి ఇస్తావా, ఈ కెమెరాకు పెట్టి చూడాల" అని అడగండి. ఒక్కో గాజునూ ఐపీస్ ముందు పట్టుకుని వీధి అవతలి బోర్డు మీది అక్షరాలను చూస్తే ఏది కావాలో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. సిలిండర్ పవర్ ఎక్కువగా ఉన్నవారికి మాత్రం ఈ గుండ్రటి లెన్సులు పూర్తిగా పనికిరావు. వాళ్లు కళ్లద్దాలు పెట్టుకునే చూడాలి.

రేంజ్‌ఫైండర్ సరిగ్గా ఉందా

ఇక్కడ తిరుపతివాళ్లకు ఒక సౌకర్యం ఉంది. రాత్రి మేడ మీదికెక్కితే తిరుమల ఘాట్ రోడ్డు దీపాలు కనిపిస్తాయి. లెన్సును అనంతం గుర్తు దగ్గర ఆపి, కెమెరాను కదలకుండా పెట్టి, ఒక దీపాన్ని ప్యాచ్ మధ్యలోకి తెచ్చుకోండి. ఒకే చుక్కగా కనిపించాలి. పక్కపక్కన రెండు చుక్కలు కనిపిస్తే దూరం సర్దుబాటు తప్పింది. ఒకదాని మీద ఒకటి కనిపిస్తే నిలువు సర్దుబాటు తప్పింది. పగలు ఇంత కచ్చితంగా తెలియదు. ఎండకు కొండ మీది గాలి అలలు అలలుగా కదులుతుంటుంది.

తర్వాత దగ్గరి పరీక్ష. బల్ల మీద స్కేలును ఏటవాలుగా పెట్టి, మీటరు దూరంలో కెమెరాను స్టాండు మీద నిలపండి. లెన్సు పూర్తిగా తెరవండి. స్కేలు మీద ఒక గీతకు ఫోకస్ చేసి ఫోటో తీయండి. ప్రతిసారీ లెన్సును అనంతానికి తిప్పేసి మళ్లీ కొత్తగా ఫోకస్ చేయండి. ఇలా నాలుగైదు తీయండి.

ఇప్పుడు ఫోటోలను పెద్దవి చేసి చూడండి. ఈ ఒక్క పరీక్షలోనే మ్యాగ్నిఫైయర్ కొనాలా వద్దా తేలుతుంది. గురి ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు చెదిరిపోతుంటే లోపం చూడటంలో ఉంది, అప్పుడు మ్యాగ్నిఫైయర్ సాయపడుతుంది. అన్నీ ఒకేవైపు, ఒకే దూరం తప్పుతుంటే లోపం కెమెరాలోనో లెన్సులోనో ఉంది. దానికి ఎంత పెద్దది చేసి చూసినా అదే తప్పు, కాకపోతే ఇంకా నమ్మకంగా చేస్తారు. అలాంటప్పుడు మూడు నాలుగు గంటల ప్రయాణమైనా సరే, చెన్నైలో రేంజ్‌ఫైండర్లు తెలిసిన మెకానిక్‌కు చూపించుకోవడం మేలు. లెన్సు కదలికను రేంజ్‌ఫైండర్‌కు అందించే లోపలి రోలర్‌ను స్క్రూడ్రైవర్‌తో తిప్పి చూద్దామన్న ఆలోచన మాత్రం వద్దు. ఫిల్మ్ కెమెరా అయితే ఏ ఫ్రేమ్ ఎలా తీశారో చీటీ మీద రాసుకోండి, కడిగి వచ్చేసరికి గుర్తుండదు.

ఏది కొనాలి

రేంజ్‌ఫైండర్‌లో రెండు కిటికీల మధ్య దూరాన్ని బేస్‌లైన్ అంటారు. దాన్ని వ్యూఫైండర్ మాగ్నిఫికేషన్‌తో (అసలు సైజులో ఎన్నో వంతుగా చూపిస్తుందో ఆ అంకెతో) గుణిస్తే వచ్చే అంకె ఎంత పెద్దదైతే ఫోకస్ అంత కచ్చితం. లైకా ఎం కెమెరాల బేస్‌లైన్ సుమారు 69 మి.మీ. అందరికీ తెలిసిన 0.72 వ్యూఫైండర్ ఉన్న ఎం6 లాంటివాటిలో ఈ అంకె 50 మి.మీ. దగ్గర ఉంటుంది. 1954లో వచ్చిన ఎం3లో వ్యూఫైండర్ 0.91, ఈ అంకె 62 దాకా వస్తుంది. అందుకే పాతకాలపువాళ్లు 90 మి.మీ. లెన్సుకు ఎం3నే మెచ్చుకుంటారు. ఇప్పుడు 0.72కు 1.25 రెట్లు పెంచే మ్యాగ్నిఫైయర్ బిగించండి: 0.90 అవుతుంది. అంటే మీ ఎం6 ఫోకస్ విషయంలో ఎం3తో సమానం.

ఇది కొత్త ఆలోచన కాదు. మర లెన్సుల కాలంనాటి లైకా III కెమెరాల బేస్‌లైన్ 39 మి.మీ. మాత్రమే. ఆ కొరతను పూడ్చడానికే రేంజ్‌ఫైండర్ కిటికీని 1.5 రెట్లు పెద్దది చేశారు. 135 మి.మీ. ఎఫ్/2.8 ఎల్మారిట్‌కయితే లెన్సు మీదే కళ్లజోడులాంటి అద్దాలు బిగించి, వ్యూఫైండర్‌ను ఒకటిన్నర రెట్లు పెంచారు.

లైకా అమ్మే రెండింటిలో 1.25 అన్నది 50 మి.మీ., ఆ పైన లెన్సులకు. 1.4 అన్నది 75, 90, 135లకు. ఒక్కటే కొనగలిగితే 1.25 కొనమంటాను. 50 మి.మీ. ఫ్రేమ్ హాయిగా కనిపిస్తుంది, 90 కూడా బాగానే కుదురుతుంది. 1.4 పెడితే 0.72 కెమెరా, 0.73 ఉన్న ఎం10, ఎం11 దాదాపు ఒకటికి ఒకటి అవుతాయి. రెండు కళ్లూ తెరిచి చూస్తే ఫ్రేమ్ గాలిలో తేలినట్టు ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది, 135కు అవసరం కూడా. దానికి మూల్యం ఉంది: బొమ్మ కొంచెం చీకటవుతుంది, ప్యాచ్ కాంట్రాస్ట్ తగ్గుతుంది, కన్ను సరిగ్గా మధ్యలో పెట్టకపోతే ఏమీ కనిపించదు. పైగా పెద్దది చేసేకొద్దీ వ్యూఫైండర్‌లోని ఆ మైనస్ 0.5 కూడా పెరుగుతుంది. 1.4తో దాదాపు రెట్టింపై, బొమ్మ మీటరు దూరానికి వచ్చినట్టవుతుంది. చత్వారం ఉన్నవాళ్లకు 1.4 మసకగా కనిపించేది అందుకే. దానికి వేరే పవర్ కావాల్సి రావచ్చు కాబట్టి, పవర్ తిప్పుకునే వీలున్న మ్యాగ్నిఫైయర్ దొరికితే వాళ్లకు అదే మంచిది.

28, 35 మి.మీ. లెన్సులతోనే ఎక్కువగా తిరిగేవాళ్లకు ఇది అసలు వద్దు. 0.72కు 1.25 పెడితే 35 ఫ్రేమ్ చూడటానికి కన్ను అటూ ఇటూ తిప్పాలి, 28 ఫ్రేమ్ పూర్తిగా పోతుంది. చంద్రగిరి కోటలో రాజమహల్ మొత్తం ఫ్రేములో పట్టాలనుకునేవారికి పెద్దది చేసే గాజుతో పనేముంది?

కొనేముందు మరల కొలత అడగండి. ఎం10 నుంచి ఐపీస్ మారింది, పాత కెమెరాలకు పట్టేది నేరుగా పట్టకపోవచ్చు. వోయిట్‌లాండర్ బెస్సా, జైస్ ఐకాన్ కెమెరాలకు నికాన్ ఎఫ్ఎం, ఎఫ్ఈ సైజు పవర్ లెన్సులు పడతాయి, లైకావి పట్టవు. బెస్సా ఆర్3ఏ వ్యూఫైండర్ ముందే ఒకటికి ఒకటి, దానికి మ్యాగ్నిఫైయర్ మీద ఖర్చు అక్కర్లేదు.

బిగించి వాడటం

చేతివేళ్లతోనే, మర దారి తప్పకుండా నెమ్మదిగా తిప్పండి. బిగిసిందనిపించగానే ఆపండి. గొలుసు ఉంటే పట్టీ కొక్కేనికి తప్పకుండా తగిలించండి. జాతర గుంపులో భుజాలు తగిలి మర దానంతటదే సడలుతుంది. అక్కడ కిందపడిన గాజు మళ్లీ దొరకదు. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు ఐపీస్ అంచుకు రబ్బరు ఉందో లేదో చూసుకోండి. లోహం తగిలితే గీతలు పడేది మీ అద్దాలకే.

ఫోకస్ చేసేటప్పుడు నిలువు గీత ఒకటి వెతకండి: ముఖంలో అయితే ముక్కు అంచు, కనుపాప పక్క, నుదుటి మీద నిలువు నామం. రెండు బొమ్మలను ఒకదాని మీద ఒకటి కలపడం మామూలు పద్ధతి. దానికన్నా కచ్చితమైనది, ఆ గీతను ప్యాచ్ అంచు దగ్గరికి తెచ్చి, లోపలి గీత బయటి గీతకు కొనసాగింపుగా కలిసేలా చూడటం. మ్యాగ్నిఫైయర్ అసలు ఉపయోగం తెలిసేది ఇక్కడే. లెన్సును ఎప్పుడూ ఒకేవైపు నుంచి, అనంతం నుంచి దగ్గరికి తిప్పుకుంటూ రండి. అటూ ఇటూ ఊగించొద్దు. అడ్డగీతలే ఉంటే, చీర అంచులాంటివి, కెమెరాను నిలువుగా తిప్పి ఫోకస్ చేసి మళ్లీ మామూలుగా పట్టుకోండి.

ఎండ పక్క నుంచి పడుతుంటే ఎం6లాంటి కెమెరాల్లో ప్యాచ్ తెల్లగా వెలిసిపోతుంది. కంటిని మధ్యకు జరిపినా, ముందు కిటికీల మీద ఎండ పడకుండా చేయి అడ్డం పెట్టినా తిరిగి వస్తుంది. ఫోకస్ కుదిరాక ఆలస్యం చేయకండి. మీరు ఊపిరి తీసుకుని వదిలేలోగా ఒళ్లు ఒక సెంటీమీటరు కదిలితే ఆ 13 మి.మీ. అయిపోయినట్టే. వీలుంటే ఎఫ్/2 బదులు ఎఫ్/4 పెట్టుకోండి. ఇంత హడావిడిలో సగం తగ్గుతుంది.

మరలు లేని పాత కెమెరాలు

యాషికా ఎలక్ట్రో, క్యానోనెట్‌లాంటి వాటి ఐపీస్‌కు మరలుండవు. వాటిలో ప్యాచ్ కనిపించకపోవడానికి తరచుగా కారణం లోపలి అద్దాల మీద పొర. మెకానిక్‌తో తుడిపిస్తే చాలు. అప్పటికీ మసకగా ఉంటే, వ్యూఫైండర్ ముందు కిటికీ మధ్యలో చిన్న నల్ల టేపు చుక్క అంటించండి. అక్కడ అసలు బొమ్మ చీకటై ప్యాచ్ ఎత్తి చూపినట్టు తెలుస్తుంది. పాత సోవియట్ కెమెరా జోర్కి 4 ఉన్నవాళ్లు అదృష్టవంతులు, పవర్ మార్చే మీట దానికే ఉంది.

దాచిపెట్టడం

మే ఎండలో చెమట పట్టిన కంటికి ఆనించాక గాజు మీద ఉప్పుపొర మిగులుతుంది. ముందు గాలితో ఊది, తర్వాతే మెత్తటి గుడ్డతో తుడవండి. తోలు సంచీతో వచ్చినా వానాకాలంలో దాన్ని అందులో ఉంచొద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ముసురు పట్టే రోజుల్లో తోలుకు బూజు పడుతుంది, అక్కడ నుంచి గాజుకు పాకుతుంది. మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి, లెన్సులతో పాటే పెట్టుకోండి.