నాణేల డీలరు 'కార్డుకు 2 శాతం ఎక్స్‌ట్రా' అంటే: బెంగళూరు కలెక్టర్లకు లెక్కలు, జాగ్రత్తలు

బెంగళూరులో ఉంటూ పాత నాణేలు, నోట్లు, స్టాంపులు పోగుచేసే తెలుగువాళ్ల కొనుగోళ్లలో చాలా భాగం ఇప్పుడు వాట్సాప్ లిస్టుల్లో, డీలర్ల వెబ్‌సైట్లలో, ఆన్‌లైన్ వేలాల్లోనే సాగుతోంది. బేరం కుదిరి, లాటు (అమ్మకానికి పెట్టిన వస్తువు) మన పేరిట పక్కన పెట్టేశాక, పేమెంట్ దగ్గర తెలుస్తుంది క్రెడిట్ కార్డుకు 2 శాతం ఎక్కువని. ఒక్కోచోట 3 శాతం కూడా. అప్పటికి వెనక్కి తగ్గడానికి మొహమాటం. అందుకే ఈ లెక్క బేరం కంటే ముందే తేల్చుకోవాలి.

ఆ 2 శాతం ఎక్కణ్ణుంచి వస్తుందో ముందు చూద్దాం. కార్డుతో మీరు కట్టింది మొత్తం డీలరుకి చేరదు. పేమెంట్ గేట్‌వే తన ఫీజు పట్టుకుని మిగతాది అతని ఖాతాలో వేస్తుంది. మామూలు వీసా, మాస్టర్‌కార్డ్ క్రెడిట్ కార్డులకు చిన్న వ్యాపారుల దగ్గర ఈ ఫీజు సాధారణంగా 2 శాతం దగ్గర ఉంటుంది. అమెక్స్, డైనర్స్, కార్పొరేట్ కార్డులకు 3 శాతం దాకా పోతుంది. ఫీజు మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. అంటే 2 శాతం కాస్తా 2.36 అవుతుంది, 3 శాతం 3.54 అవుతుంది.

ఉదాహరణకి 1911 నాటి ఐదో జార్జి వెండి రూపాయి తీసుకుందాం. రాజుగారి అంగీ మీద ఏనుగు బొమ్మ పంది లాగా కనబడుతోందని గొడవైతే మరుసటి ఏడాది అచ్చు మార్చారే, అదే 'పంది రూపాయి'. మంచి కండిషన్‌లో ఉన్న ఒకటి 18,000కి కుదిరింది, పోస్టేజీ 250 అనుకోండి. కట్టాల్సింది 18,250. దీనికి 2 శాతం అంటే 365 రూపాయలు. జీఎస్టీతో కలిపి 2.36 శాతం అంటే 431. ఈ అదనపు వసూలు, అంటే సర్‌ఛార్జి మీద కూడా గేట్‌వే ఫీజు పడుతుంది కాబట్టి డీలరు చేతికి సరిగ్గా 18,250 రావాలంటే 18,250ని 0.9764తో భాగించాలి. వచ్చేది 18,691, అంటే 441 రూపాయలు అదనం. మామూలు కార్డుకు న్యాయంగా అడగదగ్గ గరిష్ఠం అంతే. అదే 3 శాతం అడిగితే 547 అవుతుంది. ఆ వంద రూపాయల తేడా గేట్‌వేకి పోయేది కాదు, డీలరు లాభం.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. డీలరు జీఎస్టీ నంబరుతో మామూలు పద్ధతిలో పన్ను బిల్లు ఇచ్చేవాడైతే, గేట్‌వే ఫీజు మీద కట్టిన 18 శాతాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకోగలడు. అలాంటప్పుడు అతని అసలు ఖర్చు 2 శాతమే. అతను 2.36 అడిగితే '2 వేయండి, బిల్లులోనే చూపించండి' అనడంలో తప్పేమీ లేదు. బిల్లులో చూపిస్తే ఆ సర్‌ఛార్జి మీద కూడా సరుకుకు ఉన్న రేటు ప్రకారం జీఎస్టీ పడుతుంది. అది డీలరు కల్పించింది కాదు, అమ్మకంతో కలిపి వసూలు చేసిన ఖర్చులు సరుకు విలువలో భాగమని చట్టం చెబుతుంది.

డెబిట్ కార్డు విషయం వేరు. 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఏడాది టర్నోవర్ 20 లక్షల లోపు వ్యాపారికి డెబిట్ కార్డు మీద ఎండీఆర్ (కార్డు పేమెంట్‌కి వ్యాపారి కట్టే ఫీజు) 0.40 శాతం మించకూడదు, ఒక లావాదేవీకి 200 రూపాయలు దాటకూడదు. అంతకంటే పెద్ద వ్యాపారికి 0.90 శాతం, గరిష్ఠం 1,000. దాన్ని కొనేవాడి నెత్తిన వేయకుండా చూడాలని బ్యాంకులకు అదే ఆదేశంలో ఉంది. రూపే డెబిట్‌కీ, బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐకీ 2020 జనవరి నుంచి ఎండీఆర్ సున్నా. కాబట్టి 'ఏ కార్డైనా, యూపీఐ అయినా 2 శాతం' అని రాసి ఉంటే ఒప్పుకోకండి. క్రెడిట్ కార్డుకు మాత్రం రిజర్వ్ బ్యాంకు ఎండీఆర్ పరిమితి పెట్టలేదు. గొడవంతా అక్కడే.

మరి ఆ 431 కట్టాలా వద్దా? కార్డు వల్ల తిరిగొచ్చేది లెక్కేయండి. రివార్డ్ పాయింట్లు 1 శాతం అనుకుంటే 182 రూపాయలు. డబ్బు 40 రోజులు సేవింగ్స్ ఖాతాలో 3 శాతానికి ఉంటే వచ్చే వడ్డీ 60. మొత్తం 242. ఇంకా 189 చేతినుంచి పడుతుంది. వార్షిక ఫీజు మాఫీకి కొంచెం ఖర్చు తక్కువ పడిందనో, ఏదైనా మైలురాయి బోనస్ దగ్గర్లో ఉందనో తప్ప పాయింట్ల కోసం సర్‌ఛార్జి కట్టడం నష్టమే. గడువు తేదీకి పూర్తి బిల్లు కట్టలేనివాళ్లకైతే నెలకు 3.5 శాతం దగ్గర వడ్డీ మొదలవుతుంది, అప్పుడు ఈ 2 శాతం గురించి మాట్లాడుకోవడమే దండగ.

సర్‌ఛార్జితో మీరు నిజంగా కొంటున్నది ఛార్జ్‌బ్యాక్ హక్కు. సరుకు రాకపోయినా, చెప్పినదానికి వేరుగా వచ్చినా, నకిలీ అని తేలినా కార్డు బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడగొచ్చు. యూపీఐలో, నెఫ్ట్‌లో మీ అంతట మీరు పంపిన డబ్బుకు ఆ దారి లేదు. అందుకే మా సలహా సూటిగా చెబుతాం: కొత్త డీలరుతో మొదటి కొనుగోలు, ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి గ్రేడింగ్ సంస్థలు పరీక్షించి సీల్ చేసిన డబ్బా (స్లాబు)లో లేని ఖరీదైన నాణెం, నకిలీలు ఎక్కువగా తిరిగే సరుకు (1939 రూపాయి లాంటివి), ఈ మూడింట్లో ఏదున్నా సర్‌ఛార్జి కట్టి కార్డే వాడండి. ఏళ్ల తరబడి కొంటున్న, రిటర్న్ విషయంలో మాట తప్పని డీలరైతే యూపీఐ చాలు. లక్ష దాటితే నెఫ్ట్. ఇప్పుడు నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో డబ్బు పంపే ముందు అవతలి ఖాతాదారు పేరు చూసుకునే సౌకర్యం బ్యాంకులు ఇస్తున్నాయి. బిల్లు మీద ఉన్న దుకాణం పేరూ ఆ పేరూ కలవకపోతే ఆగి అడగండి.

మధ్యేమార్గం ఒకటుంది. రూపే క్రెడిట్ కార్డును యూపీఐ యాప్‌కి జతచేసుకుంటే డీలరు క్యూఆర్ స్కాన్ చేసి క్రెడిట్ మీదే కట్టొచ్చు. చిన్న వ్యాపారికి 2,000 రూపాయల దాకా దీని మీద ఛార్జీ లేదు, కాబట్టి చిన్న లాట్లకు ఇదే మేలు. అయితే ఇది వ్యాపారి ఖాతాలకే పనిచేస్తుంది. స్కాన్ చేశాక కార్డు ఆప్షన్ రాకపోతే అది వ్యక్తిగత ఖాతా అయినా కావచ్చు, క్రెడిట్ తీసుకోని వ్యాపార ఖాతా అయినా కావచ్చు. ఏదో అడిగి తెలుసుకోండి.

లాటు పక్కన పెట్టమనే ముందే డీలరుకి ఇలాంటి మెసేజ్ ఒకటి పెట్టండి:

'నమస్తే సార్. లాట్ 42 తీసుకుందామనుకుంటున్నాను. బెంగళూరు 560037కి పోస్టేజీ, జీఎస్టీ కలిపి యూపీఐ అయితే ఎంత, వీసా క్రెడిట్ కార్డ్ అయితే ఎంత, రెండు ఫైనల్ అమౌంట్లు చెప్పండి. కార్డ్ ఛార్జ్ బిల్లులో విడిగా వేస్తారా? నాణెం నచ్చక వెనక్కి పంపితే ఆ ఛార్జ్ కూడా రీఫండ్ ఇస్తారా?'

చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. రీఫండ్ ఇచ్చినా చాలా గేట్‌వేలు తాము తీసుకున్న ఫీజు డీలరుకి తిరిగివ్వవు. అందుకే చాలామంది డీలర్లు నాణెం ధర ఇచ్చి సర్‌ఛార్జి పట్టుకుంటారు. నచ్చక వెనక్కి పంపినప్పుడు అది సర్దుకోవచ్చు. నాణెం నకిలీ అయినప్పుడు మాత్రం సర్దుకోవద్దు, తప్పు అతనిది. ఈ రెండు సందర్భాలకూ జవాబు రాతలో ఉండాలి. ఫోన్లో చెబితే, 'మీరన్నట్టు' అని మళ్లీ మెసేజ్‌లో రాసి పెట్టండి.

వేలంలో కొనేటప్పుడు సర్‌ఛార్జి హామర్ ధర (బిడ్ ఆగిన ధర) మీద కాదు, మొత్తం బిల్లు మీద పడుతుంది. 20,000కి సుత్తి పడినా బయ్యర్స్ ప్రీమియం (వేలం సంస్థ కొనేవాడి దగ్గర తీసుకునే కమీషన్), పన్ను, పోస్టేజీ కలిసి బిల్లు 24,000 అయితే 2.36 శాతం అంటే 566 రూపాయలు, 472 కాదు. బిడ్ గరిష్ఠం పెట్టుకునేటప్పుడే ఇది తీసేసి పెట్టుకోండి. బెంగళూరులో ఉన్నవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. కెంపేగౌడ రోడ్డులోని శిక్షకర సదనలో నాణేల ప్రదర్శనలు జరుగుతుంటాయి. ఊరి బయటి డీలర్లూ అక్కడికి వస్తారు. ముందే మాట్లాడుకుని, నాణెం అక్కడే భూతద్దంతో చూసి, తూచుకుని, యూపీఐతో కట్టేస్తే పోస్టేజీ, సర్‌ఛార్జి రెండూ పోతాయి, ఛార్జ్‌బ్యాక్ అవసరమూ అంతగా ఉండదు.

విదేశీ డీలరు దగ్గర కథ మారుతుంది. అమెరికా డీలర్లు చాలామంది చెక్కు లేదా వైర్ ధర ఒకటి, కార్డు ధర ఒకటి పెడతారు. అక్కడ క్రెడిట్ కార్డు సర్‌ఛార్జికి వీసా పరిమితి 3 శాతం, మాస్టర్‌కార్డ్‌ది 4 శాతం, అదీ వ్యాపారి అసలు ఖర్చు దాటకూడదు. దాని మీద మన బ్యాంకు ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీ మార్పిడి ఛార్జీ), చాలా కార్డులకు 3.5 శాతం, జీఎస్టీతో 4.13. నాణెం 400 డాలర్లు, పోస్టేజీ 35 అనుకోండి. 435 మీద 3 శాతం సర్‌ఛార్జితో 448.05. దాని మీద మార్కప్ 18.50. మొత్తం 466.55 డాలర్లు, అంటే అసలు మొత్తం మీద 7 శాతం పైగా ఎక్కువ, కస్టమ్స్ సుంకం ఇంకా కలపకుండానే. ఫారెక్స్ మార్కప్ లేని కార్డైతే 448 దగ్గరే ఆగుతుంది. ఇలాంటి చోట ఏ కార్డు వాడతామన్నది సర్‌ఛార్జి కంటే పెద్ద లెక్క. ఈ మాత్రం మొత్తానికి వైర్ ట్రాన్స్‌ఫర్ కిట్టదు. బ్యాంకు ఫారాలు, స్విఫ్ట్ ఛార్జీ, మధ్య బ్యాంకుల కోత కలిపి అంతే అవుతుంది.

చెక్అవుట్‌లో 'రూపాయల్లో కట్టండి' అని కనిపిస్తే ఒప్పుకోకండి. ఆ మార్పిడి రేటులో వాళ్ల లాభం కలిసి ఉంటుంది. పైగా విదేశీ వ్యాపారికి రూపాయల్లో కట్టినా మన బ్యాంకులు చాలావరకు 1 శాతం దాకా ఛార్జీ వేస్తాయి. డాలర్లే ఎంచుకోండి. పేపాల్‌లోనూ మార్పిడి కార్డు బ్యాంకుకి వదిలే ఆప్షన్ కోసం చూడండి. కార్డు తిరస్కరిస్తే ముందు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ ఆన్‌లైన్ లావాదేవీల స్విచ్ చూసుకోండి. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం కొత్త కార్డుల్లో అది మూసే ఉంటుంది. కొన్నాక మళ్లీ మూసేయండి. కార్డు నంబరు, వెనక మూడంకెలు ఈమెయిల్లోనో వాట్సాప్‌లోనో రాసి పంపమనే డీలరు ఎంత పేరున్నవాడైనా పంపొద్దు. విదేశీ సైట్లలో చాలాచోట్ల ఓటీపీ అడగరు, నంబరుంటే చాలు డబ్బు పోతుంది.

బంగారు, వెండి బులియన్ నాణేలు కొనేవాళ్లు ఇంకొకటి గమనించాలి. డీలరు ఖాతాకు బ్యాంకు ఒక కేటగిరీ కోడు ఇస్తుంది. స్టాంపులు, నాణేల దుకాణాలది 5972. అలా కాక 6051లో (విదేశీ కరెన్సీ లాంటి నగదుతో సమానమైనవాటి కోడు) ఉంటే కొన్ని బ్యాంకులు ఆ కొనుగోలుని మీరు కార్డు మీద నగదు తీసుకున్నట్టే లెక్కేస్తాయి. అప్పుడు సాధారణంగా 2.5 శాతం, కనీసం 500 రూపాయల ఫీజు, మొదటి రోజు నుంచే వడ్డీ. పెద్ద మొత్తమైతే ముందు ఒక చిన్న వస్తువు కొని, యాప్‌లో అది ఎలా పడిందో చూడండి.

పార్శిల్ వచ్చాక మీ హక్కు నిలబడేది ఆధారాల మీదే. లేబుల్ మీద కన్సైన్‌మెంట్ నంబరు కనిపించేలా మొదలుపెట్టి, సీల్ కోయడం, నాణెం బయటికి తీయడం, తూకం వేయడం మధ్యలో ఆపకుండా ఒకే వీడియోలో తీయండి. 0.01 గ్రాము చూపించే చిన్న తూకం చాలు. ఆ 1911 రూపాయి 11.66 గ్రాములు ఉండాలి. అరుగుదలకి కాస్త తగ్గుతుంది, 11 కంటే తక్కువుంటే అనుమానించాల్సిందే. నకిలీ అని డిస్ప్యూట్ (ఛార్జ్‌బ్యాక్ కోసం బ్యాంకుకి ఫిర్యాదు) వేస్తే బ్యాంకు నిపుణుడి రాత అడుగుతుంది, కాబట్టి గ్రేడింగ్ సంస్థ నివేదికో, వేరే డీలరు లెటర్‌హెడ్ మీద అభిప్రాయమో సంపాదించండి. వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్కుల గడువు చాలా రకాల డిస్ప్యూట్‌లకు 120 రోజులున్నా, బ్యాంకులు అంతకంటే ముందే చెప్పమంటాయి. స్టేట్‌మెంట్ వచ్చిన నెలలోపే లిఖితంగా వేయండి. సర్‌ఛార్జితో కలిపి మొత్తం అడగండి.

వెబ్‌సైట్‌లో ఒక ధర చూపించి చివరి పేజీలో ఛార్జీ కలిపారా? 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లని మభ్యపెట్టే సైట్ల ఎత్తుగడలు) మార్గదర్శకాల్లో ఇది డ్రిప్ ప్రైసింగ్ కిందికి వస్తుంది. రెండు పేజీల స్క్రీన్‌షాట్లు తీసి డీలరుకి ముందు రాయండి, కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. బ్యాంకు డిస్ప్యూట్‌ని 30 రోజుల్లో తేల్చకపోయినా, కారణం చెప్పకుండా కొట్టేసినా రిజర్వ్ బ్యాంకు ఆంబుడ్స్‌మన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. దానికి రుసుం లేదు, బ్యాంకుకి రాసిన ఫిర్యాదు నంబరు మాత్రం చేతిలో ఉండాలి.